కొబ్బరికాయ కుస్తీ, కడెం కుస్తీ

సత్తిబాబు ఇక ఖతర్ వదిలి ఇంటికి వెళ్ళిపోతున్నాడని తెలిసి, పోయిన నెల ఒక శుక్రవారం మెట్రో ఎక్కి అల్ వక్రా పోయాను. నేను దిగేసరికి స్టేషన్ బయట కారు పెట్టుకొని నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్ల డ్రైవరు కదా, నన్ను ఎండలో నడవనిస్తే అతని పరువు పోదూ! సత్తిబాబుది కోనసీమ. వక్రాలో ఒకే ఖతరీ కుటుంబానికి హౌస్ డ్రైవరుగా చేశాడు. మొదట్లో తను బడికి దింపిన పిల్లలకు ఇప్పుడు గడ్డాలు నెరుస్తున్నాయి. హార్బరు దగ్గర పడవలకు ఎదురుగా కూర్చొని కరక్ చాయ్ తాగుతుంటే, సీటు కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా ఒళ్ళో పెట్టాడు. "ఇది మీ దగ్గరే ఉండాలండీ పోశయ్య గారూ. ఊరట్టుకెళితే మా ఆవిడ అటక మీద పడేసి మర్చిపోద్ది" అన్నాడు. నల్లటి వీడియో క్యాసెట్. పైన అంటించిన కాగితం సగం ఊడిపోయింది. చెప్పడానికి సిగ్గెందుకు, నాకు ఏడుపొచ్చింది. సత్తిబాబు పాపం పడవల వైపు చూస్తూ కూర్చున్నాడు. అది ఆడించే మిషను ఇప్పుడు నాకు ఎక్కడ దొరుకుతుందో తెలియదు. అయినా ఫరవాలేదు, అందులో ఏముందో నాకు కంఠతా వచ్చు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఇండస్ట్రియల్ ఏరియాలో మా కంపెనీ క్యాంపు. మా ఊళ్ళో వాళ్ళకు మాత్రం నేను దుబాయ్‌లో ఉన్నట్టే. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా మా అవ్వ ఒప్పుకొనేది కాదు. ఒక రూములో ఎనిమిది మందిమి, కింద నాలుగు మంచాలు, పైన నాలుగు. తలుపు తీయగానే మొదట సైటులో తొడుక్కునే కవరాల్ బట్టల తడి వాసన, దాని వెనుక కొబ్బరినూనె వాసన, ఆ వెనుక ఎప్పటిదో ఉల్లిగడ్డ వేగిన వాసన. వారంలో ఆరు రోజులు తెల్లవారకముందే కంపెనీ బస్సు హారను కొట్టేది. అంతకంటే ముందే బాత్రూము దగ్గర బకెట్లు పట్టుకొని లైను కట్టేవాళ్ళం. శుక్రవారం ఒక్కరోజు మనుషుల్లా లేచేవాళ్ళం. ఆరోజు మటన్ వండాలి. వంటింట్లో పొయ్యి దొరకాలంటే మలయాళీలతోనూ నేపాలీలతోనూ తగువు పడాలి. ఆ తగువుకు మా రూము తరఫున పోయేది రాజేశం అన్న. ఆయన పోతే పొయ్యి దొరికేది, తగువు మాత్రం జరిగేది కాదు. ఆయన ఆకారం చూసే జనం పక్కకు జరిగేవాళ్ళు.

రాజేశం అన్న మా పక్క ఊరి పైల్వాను. సైటులో మేస్త్రి. అప్పటికే నలభై దాటాయి. కుడి చెవి నలిగి నలిగి ముద్ద కట్టిన పిండిలా ఉండేది. పొద్దున్నే రెండు మంచాల మధ్య ఉన్న ఆ మూరెడు జాగాలో దండాలు తీసేవాడు. పై మంచం మీద పడుకొనే నాకు ఆయన ఊపిరే అలారం. స్నానం కాగానే చెవికి నూనె రాసేవాడు. స్టీలు గ్లాసు అడుగుతో ఎల్లిగడ్డ దంచేవాడు. ఇక్కడ దొరికే లబన్ డబ్బాను ఎత్తి గటగటా తాగి, "మజ్జిగ గిట్లుంటది, చూస్తున్నవా, బర్రె లేని దేశంల గూడ" అని మూతి తుడుచుకునేవాడు. మా ఊరి జాతరలో మూడేళ్లు వరుసగా చేతికి తొడిగే వెండి కడెం గెలిచిన మనిషి. మా దిక్కు జాతర కుస్తీలు కొబ్బరికాయతో మొదలవుతాయి. మొదటి జోడీలో గెలిచిన వాడికి కొబ్బరికాయ. ఆ తరువాత ఒక్కొక్క మెట్టు పెరిగి చివరి కుస్తీకి వెండి కడెం. ఆ చివరి జోడీ దిగేసరికి చుట్టూ ఉన్న ఏడూళ్ల జనం మునివేళ్ల మీద నిలబడతారు.

నన్ను ఖతర్ రప్పించింది రాజేశం అన్నే. కంపెనీలో మాట చెప్పి నా పేరు రాయించాడు. వచ్చిన మొదటిరోజు అలవాటు కొద్దీ "పటేలా" అని పిలిచాను. మేం మాదిగలం, వాళ్ళు పటేండ్లు. ఊళ్ళో అంతకు మించి మరో పిలుపు నా నోటికి తెలియదు. ఆయన నా చేతిలోంచి పెట్టె అందుకొని, "గీడ పటేల్ లేడు, గిటేల్ లేడు. అన్నా అను. లేకుంటే బస్సుల ఎనక్కి తోలుత" అన్నాడు. ఆ శుక్రవారం పేపరు పరిచి అందరం చుట్టూ కూర్చుంటే ఒకే పళ్ళెంలో నా చేయి, ఆయన చేయి పడ్డాయి. నేను ముద్ద మింగలేక నీళ్ళు తాగాను. ఆయన గమనించలేదు, లేదా గమనించనట్టు మూలుగ బొక్క ఒకటి నా వైపు నెట్టాడు.

ఇక ఆ క్యాసెట్లు. సత్తిబాబు డ్యూటీ చేసే ఇంట్లో పెద్దాయనకు బాక్సింగ్ పిచ్చి. ఇంట్లోకి కొత్త మిషన్లు వచ్చాక పాత క్యాసెట్ల అట్టపెట్టె బయట పెడితే, పెద్దాయనను అడిగి సత్తిబాబు మా రూముకు మోసుకొచ్చాడు. అతని ఊరి మనిషి ఒకడు మా రూములో ఉండటంతో శుక్రవారం మధ్యాహ్నాలు ఇక్కడే గడిపేవాడు. కారులో పెద్దాయన చెప్పిన కథలన్నీ అతనికి నోటికి వచ్చు. మాది ఎవరో పారేసిన టీవీ, మరెవరో పారేసిన వీసీఆర్. తెరమీద బొమ్మలు చీమల్లా గబగబా కదిలేవి, శబ్దం లేదు. కొన్నిచోట్ల కదిలే బొమ్మ కూడా లేక ఫొటోలే వచ్చేవి. అవి మొట్టమొదటి హెవీవెయిట్ చాంపియన్ల కుస్తీలు. కుస్తీలంటున్నాను, మా రూములో గుద్దుకున్నా కుస్తీ అనే అనేవాళ్ళం. ఆ దొరల పేర్లు మా నోళ్ళకు తిరగలేదు. అందుకని ఒక్కొక్కరినీ వాళ్ళ పనిని బట్టి పిలుచుకునేవాళ్ళం. మీసాలాయన, ఆయన్ని ఓడించిన బ్యాంకు గుమస్తా, గుమస్తాను ఓడించిన కమ్మరి, కమ్మరిని ఓడించిన బాయిలర్ మేస్త్రి, ఆ తరువాత పొట్టోడు, చివరికి ఆ పొట్టోణ్ణి దేశదేశాలు వెంటాడి గెలిచిన నల్లాయన. వీళ్ళంతా మా కంపెనీలోనే వేరే క్యాంపులో ఉంటున్నట్టు మాట్లాడుకునేవాళ్ళం.

ప్రతి శుక్రవారం ఒకటే గొడవ, వీళ్ళల్లో ఎవరు గొప్ప అని. సత్తిబాబుకు బెల్టే లెక్క. "అదేంటండీ మేస్త్రి గారూ, బెల్టు ఎవడి నడుముకుంటే ఆడే గొప్పోడు. బాయిలరాయన ఓడకుండానే దిగిపోయాడు గదా, ఇంకేం కావాలండీ?" అనేవాడు. రాజేశం అన్నకు అది నచ్చేది కాదు. "ఎవన్ని పడగొట్టిండో చెప్పు ముందుగాల" అనేవాడు. ఆయన తూకం ఒక్కటే. ప్రతి ఆటనూ చూసి ఇది కొబ్బరికాయ కుస్తీ, ఇది కడెం కుస్తీ అని తీర్పు చెప్పేవాడు. మీసాలాయన ఊరూరా తిరిగి ఎవడొస్తే వాణ్ణి పడగొట్టాడని సత్తిబాబు మురిసిపోతే, "పాలేర్లను, తాగుబోతులను పడగొట్టుడు ఏం కుస్తీ? కొబ్బరికాయ!" అని కొట్టేసేవాడు. గుమస్తా మీద మాత్రం ఆయనకు మర్యాద ఉండేది. బెల్టు రాకముందు గుమస్తా ఒక గొప్ప నల్ల పైల్వానుతో గంటల తరబడి కొట్లాడాడు, ఎవరూ ఓడలేదు. "అది కడెం. గని బెల్టు వచ్చినంక మల్ల ఆ మనిషి మొఖం చూసిండా? చూడలే." కమ్మరి అంటే ప్రాణం, ఎందుకంటే ఆ బక్క మనిషి తనకన్నా ఎంతో బరువైన వాళ్ళను పడగొట్టాడు. బాయిలర్ మేస్త్రి కమ్మరినీ గుమస్తానూ ఓడించింది వాళ్ళ వయసు వాలాక అని గుర్తుచేసేవాడు. పొట్టోడు ఓడిపోయాడు కదా అంటే, "ఓడిండు, గని అడిగినోనికి కాదనలే. మిగిలినోళ్ళు తలుపులు పెట్టుకున్నరు, గీ పొట్టోడు తీసిండు" అనేవాడు. సత్తిబాబు ఒక శుక్రవారం పెద్దాయన దగ్గర కొత్త సంగతి విని వచ్చాడు. ఆ నల్లాయన కూడా బెల్టు దక్కాక తోటి గొప్ప నల్ల పైల్వాన్లకు అవకాశం ఇవ్వలేదంటే ఇవ్వలేదట. "ఇప్పుడేమంటారండీ?" అని చిటికె వేశాడు. రాజేశం అన్న గడ్డం గోక్కుని, "గట్లైతే ఆయన తూకం గూడ తగ్గించాలె" అన్నాడు. నచ్చినవాడి తూకం కూడా తగ్గించే మనిషి కాబట్టే ఆయన తీర్పు మాకు తీర్పు.

ఆ మాటలు వింటూ నేను నోరు మూసుకొని ఉల్లిగడ్డలు కోసేవాణ్ణి. నా లోపల మా అన్న నర్సయ్య ఉన్నాడు మరి. జాతర కుస్తీలకు డప్పు కొట్టేది మా వాడ వాళ్ళు. మా అన్న కొట్టే దరువు మీదే పైల్వాన్లు తొడ చరిచేవాళ్ళు, పట్టు బిగిసినకొద్దీ దరువు వేగం పెరిగేది. డప్పుతో బరి అంచు దాకా పోవచ్చు. లోపల కాలు పెట్టకూడదు. ఎవరూ రాసి పెట్టింది కాదు, ఎవరూ అడిగిందీ లేదు. అయితే కళ్ళముందు ఇన్నేళ్లు చూసిన పట్లు మా అన్న ఒంట్లోకి దిగిపోయాయి. పనులు లేని రోజుల్లో వాగు ఇసుకలో తోటి డప్పుగాళ్ళతో పట్టేవాడు. ఒకసారి ముందటేడు కడెం గెలిచిన పైల్వాను ఒకడు వాగు దాటుతూ చూసి, నవ్వుతూ అంగీ విప్పాడు. మా అన్న వాణ్ణి మూడుసార్లు వెల్లకిలా పడేశాడు. వాడు ఇసుక దులుపుకొని, ఎవరికీ చెప్పొద్దని బతిమాలి పోయాడు. మేం చెప్పలేదు. చెప్పినా ఎవరు రాసుకుంటారు? రాజేశం పటేల్ మూడేళ్లు కడెం గెలిచింది కూడా మా అన్న దరువు మీదే. నాకు మాత్రం ఒక్కటే నమ్మకం, బరిలోకి రానిస్తే ఆ మూడు కడేలూ మా అన్నవే.

ఒక శుక్రవారం బాయిలర్ మేస్త్రి దగ్గర మళ్ళీ గొడవ మొదలైంది. నల్లాయన ఎదురు చూస్తూ ఉండగానే ఇక నాకు జోడీ లేడని చెప్పి అతను పొలానికి పోయి కూర్చున్నాడట. రాజేశం అన్న తొడ మీద చరిచాడు. "గదీ సంగతి! ఎదురుంగ ఉన్నోన్ని ఇడిసిపెట్టి, ఓటమెరుగనోన్ని అని చెప్పుకుంటే ఏం గొప్ప? మా జాతరల గట్ల నడువది. ఏడూర్ల పైల్వాన్లను పడగొట్టినంకనే నేను కడెం పట్టిన" అన్నాడు. అందరూ ఔనన్నారు. కత్తి కింద పెట్టి నేను లేచాను. ఎందుకు ఆరోజే లేచానో ఇప్పటికీ తెలియదు. "ఏడూర్లల్ల మా వాడలు లెవ్వా? మా అన్న నీ ముంగట డప్పు కొట్టుకుంట నిలవడ్డడు. ఆయనతోని ఎన్నడన్న పట్టినవా? నీది గూడ కొబ్బరికాయ కుస్తే, పటేలా" అన్నాను.

రెండేళ్ల తరువాత నా నోటి నుంచి వచ్చిన పటేలా అది. టీవీలో నల్లాయన నవ్వుతూనే ఉన్నాడు. సత్తిబాబు లేచి మెల్లగా వీసీఆర్ ఆపేశాడు. రాజేశం అన్న వంటింట్లోకి నడిచాడు. వండిన కూర తెచ్చి నడుమ పెట్టాడు, అందరికీ అన్నం వడ్డించాడు, నాకూ వడ్డించాడు. తను మాత్రం తినకుండా బయటికి పోయాడు. మరునాడు పొద్దున మంచాల మధ్య ఆయన ఊపిరి వినపడలేదు. దండాలు మానేశాడు. సైటులో పని చెప్పాల్సి వస్తే ఇంకొకడితో చెప్పించేవాడు. రూములో అందరూ నా మీద గుర్రుమన్నారు. తిండి పెట్టి పని ఇప్పించిన మనిషిని అంత మాట అనొచ్చా అని. అనొచ్చనే నేను అనుకున్నాను, అయినా పొద్దున్నే ఆ నిశ్శబ్దంలో మేలుకొని ఆయన ఊపిరి కోసం చెవులు రిక్కించేవాణ్ణి.

జాతరకు ముందు ఆయనకు లీవు వచ్చింది. పెట్టెకు తాడు కడుతూ, తల ఎత్తకుండా, నాతో నెల తరువాత మొదటి మాట మాట్లాడాడు. "మీ అన్న ఇంకా పడ్తడా?" "వాగుల పడ్తడు" అన్నాను. ఆయన తాడు బిగించి బస్సెక్కి పోయాడు. అప్పుడు మొదలైంది నా భయం. నేను ఖతర్‌లో ఎంత మాటన్నా నాకేం కాదు, అక్కడ ఊళ్ళో ఉన్నది మా అన్న. పటేండ్లకు కోపం వస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నా నోటి దూలకు మా అన్న దెబ్బలు తినాలా? మా అన్న శుక్రవారం పొద్దున మా ఊరి ఎస్టీడీ బూతుకు వచ్చి కూర్చునేవాడు, నేను ఇక్కడి నుంచి ఫోన్ చేసేవాణ్ణి. వరుసగా రెండు శుక్రవారాలు ఆయన రాలేదు. బూతు అతను ఏమీ తెలియదన్నాడు.

ఇప్పుడు అబూ హమూర్ హోల్‌సేల్ మార్కెట్‌లో గోదాము చూసుకుంటున్నాను. నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళ రూముకు పోతే ఒక్కొక్కడి చేతిలో ఒక్కొక్క ఫోను, చెవుల్లో వైర్లు. ఎవరు గొప్ప బాక్సరని అడిగితే ఫోనులో ఒక జాబితా తీసి చూపిస్తారు. జాబితా ఉంది, వాదన లేదు. అలాగని పాతకాలమే బంగారమని అనను. ఎనిమిది మందికి ఒక బాత్రూము ఉన్న బతుకు పగవాడికి కూడా వద్దు. మా జాతరలో ఇప్పుడు పేర్లు కాగితం మీద రాసుకుంటున్నారు, ఏ వాడ అని అడగటం లేదు. ఊళ్ళో అన్నీ మారాయని అబద్ధం చెప్పను, బరి మారింది. ఎలా మారిందో నాకు తెలుసు కాబట్టి ఇంకా కొన్ని మారతాయనే నమ్ముతాను. పాత చాంపియన్ల లెక్క తేల్చమని సత్తిబాబు ఇప్పటికీ అడుగుతాడు. వాళ్ళ ఎదుట నిలబడే అవకాశం దక్కని వాళ్ళ లెక్క తేలకుండా అది తేలదని చెబుతాను.

అప్పట్లో ఆ మూడో శుక్రవారం ఫోన్ మోగుతూండగానే అన్న ఎత్తాడు. గొంతు బొంగురు పోయింది. "ఏమైంది అన్నా? కొట్టిండ్రా?" అన్నాను. "కొట్టుడేంది రా? మంచం మీద పడుకున్న గింతే. నడుం పట్టింది. జాతరల కుస్తీ పట్టిన" అన్నాడు. నాకు అర్థం కాలేదు. అన్న గబగబా చెప్పుకుపోయాడు. రాజేశం పటేల్ మా వాడకు వచ్చాడట. వాకిట్లో నిలబడి పిలవకుండా లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడట. నర్సన్నా, నాతోని ఒక పట్టు పడ్తవా అని అడిగాడట. జాతర పెద్దలు ఒప్పుకోలేదు. పాత పైల్వానుగా మొదటి కొబ్బరికాయ పట్టుకొని బరిలోకి దిగే మర్యాద రాజేశం అన్నది. ఆయన ఆ కాయ కింద పెట్టి, నర్సయ్య లోపటికి రాకుంటే నేను బయటికి పోత, ఈ ఏడు కుస్తీలు లెవ్వనుకోండ్రి అని నిలబడ్డాడట. చివరికి మా అన్న డప్పు తీసి తోటివాడి చేతికిచ్చి బరిలో కాలు పెట్టాడు.

"దరువు ఎవలు కొట్టిండ్రు?" అని అడిగాను. "ఎవ్వలు కొట్టలే రా. మనోళ్ళంత డప్పులు కింద పెట్టి చూసుకుంట నిలవడ్డరు. సప్పుడు లేకుంటనే ఆడినం."

"పడేసినవా?" అన్నాను.

"లే. నన్నే పడేసిండు."

ఫోన్ కార్డులో నిమిషాలు పోతున్నాయి. ఇన్నేళ్ల నా నమ్మకం, ఆరోజు రూములో నేనన్న మాట, అన్నీ ఒక్కసారి కూలిపోయాయి. అటునుంచి మాత్రం అన్న నవ్వుతున్నాడు.

"మూడు సార్ల దాక ఈపు అంటనియ్యలే రా. నాలుగోసారి అంటింది. జర గూడ ఇడువలే నన్ను. పాపమని ఇడిసిపెడ్తడేమో అని భయపడ్డ, ఇడువలే. లేపి కౌగిలి పట్టిండు. ఈనాటిది నాది నర్సన్నా, ఆనాటిది ఎవనిదో ఎవ్వడు చెప్పలేడు, నేను గూడ చెప్పలేను అన్నడు."

"ఓడితే ఎందుకు నవ్వుతున్నవ్ అన్నా?" అన్నాను. నా గొంతులో కోపమే ఉంది.

"మైకుల చదివిండ్రు రా తమ్మీ. మనింటి పేరుతోని సహా చదివిండ్రు. నర్సయ్య ఓడిండు అని ఏడూర్లు ఇన్నయి!"